ఒడ్డున వెలిగిన నిప్పులు

కె.గంగవరం నుంచి మేం బయలుదేరేసరికి ఇంకా కోడి కూయలేదు. మా సంఘ యవనస్థులం నలుగురం. మా మండలానికి గౌతమీ గోదావరి ఉంది గానీ సముద్రం లేదు. పేతురు వల వేసిన సంగతి సండే స్కూలు రోజుల నుంచీ వింటున్నాం. ఒక్కసారైనా వేట చూడాలని యానాం-ఎదుర్లంక వంతెన దాటి, గౌతమి సముద్రంలో కలిసే భైరవపాలెం చేరాం.

అక్కడ ఒక తాత, ఆయన కొడుకు మమ్మల్ని చిన్న ఇంజను పడవ ఎక్కించుకున్నారు. మొగ దాటడమే కష్టం. నది మేటలు వేస్తుంటుంది. నిన్నటి దారి ఇవాళ ఉండదు. తాత గెడతో లోతు చూస్తూ చెయ్యి ఎటు చూపితే కొడుకు అటు తిప్పాడు. మాకైతే అన్నిచోట్లా నీళ్లు ఒకేలా కనిపించాయి.

వల వేసి గంట తర్వాత లాగితే నాలుగు కవళ్లు, గుప్పెడు రొయ్యలు. "ఇంకొక్కసారి వేద్దాం తాతా!" అన్నాడు మాలో ఒకడు. తాత ఆకాశం వైపు చూశాడు. గాలి మారింది. "వద్దు, ఎల్లిపోదాం" అన్నాడు.

చిన్నబోయిన మా ముఖాలు చూసి నెమ్మదిగా చెప్పాడు. "తొంభయ్యారు తుపానప్పుడు మా తమ్ముడు వేరే పడవలో ఉన్నాడు. తిరుగుదాం రారా అని కేకేశాను. ఇంకొక్క వల అన్నాడు. నా పడవొచ్చింది, ఆడిది రాలేదు. చేపలు రేపూ ఉంటాయి బాబూ, మనిషుండాలి."

1996 నవంబరు 6న వచ్చిన ఆ తుపాను వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. వేటకెళ్లిన వందల మంది తిరిగి రాలేదు. ఆ తమ్ముడిది దురాశ కాదు, ఇంటి ఆకలి. తాతకు వాక్యం చెప్పడానికి మాకు నోరు రాలేదు.

ఒడ్డుకు వచ్చేసరికి ఆయన ఇంటి ముందు పొయ్యి వెలుగుతోంది. ఎన్ని చేపలు పడ్డాయని మామ్మ అడగలేదు. ఆరుగురం దిగామో లేదో చూసుకుంది. వేడి అన్నం, చేపల పులుసు వడ్డించింది.

అప్పుడు యోహాను సువార్త 21వ అధ్యాయం గుర్తుకొచ్చింది. రాత్రంతా వేటాడినా శిష్యులకు ఏమీ దొరకలేదు. ప్రభువు మాట విని వల వేస్తే 153 పెద్ద చేపలు పడ్డాయి. మనం ఆ లెక్కనే గుర్తుపెట్టుకుంటాం. కానీ ఆ చేపలను ఒడ్డుకు చేర్చకముందే అక్కడ నిప్పులు రాజుకుని ఉన్నాయి. వాటిపై చేప, దగ్గరే రొట్టె ఉన్నాయి. ఆయన సిద్ధపరచిన భోజనం వారి వేట కోసం ఎదురుచూడలేదు.

కోనసీమలో ఎన్నో ఇళ్లకు గల్ఫ్ నుంచి ఫోన్లు వస్తుంటాయి: "ఇంకొక్క ఏడాది ఉండి వచ్చేస్తాను." కష్టపడి సంపాదించడం తప్పు కాదు. అయితే ఖాళీ వలతో ఇంటికి రావడానికి సిగ్గుపడి సముద్రంలోనే ఉండిపోనక్కర్లేదు. అలాంటివారు తిరిగొచ్చిన రోజున "ఏం తెచ్చావు?" అనే మాట మన నోట రాకూడదు. ఒడ్డున నిలిచిన ప్రభువు మన చేపలను కాదు, మనల్ని లెక్కపెట్టుకుంటాడు.