పెండ్లిపీట లేని కథ

పెండ్లి కాకుండ నెల తప్పిన చిన్నపిల్లను గూర్చి లోకము "కాలు జారినది" అనును. జారినది ఆ పిల్ల కాలు మాత్రమే యన్నట్లు, మగవాని ప్రసక్తి యా పలుకుబడిలోనే లేదు. సినిమాలును చిరకాలము దీనినే యనుసరించి, కథ ముగియులోపల ఆ పిల్లను పెండ్లిపీటపై గూర్చుండబెట్టుటయో, నూతిలో ద్రోయుటయో తప్ప మూడవ దారి యెరుగకుండెను.

1959 నాటి అమెరికా చిత్రము 'బ్లూ డెనిమ్' చూడుడు. మూలమైన నాటకములో బాలిక చాటుగా గర్భస్రావము చేయించుకొనును. నాడు హాలీవుడ్డును శాసించుచుండిన ప్రొడక్షన్ కోడ్ దానిని సహింపదు గనుక, తెరపై పెద్దలు సమయమునకు వచ్చి యడ్డుపడుదురు, జంట పెండ్లికి సిద్ధమగును.

మన దేశమున 2000వ సంవత్సరములో, ఇంచుమించు ఒక్క నెల యెడముతో, కుందన్ షా హిందీ చిత్రము 'క్యా కెహనా', తేజ తెలుగు చిత్రము 'చిత్రం' విడుదలయ్యెను. మొదటిదానిలో ప్రీతి జింటా ధరించిన ప్రియ, నమ్మినవాడు మొగము చాటువేసినను, ఇంటివారు మొదట వెడలగొట్టినను, కళాశాల నవ్వినను, బిడ్డను గనియే తీరుదునని నిలుచును. రెండవదానిలో చదువు ముగియని పిల్లలిద్దరు పుస్తకములను, పసిబిడ్డను ఒక్కసారియే మోయ బూనుదురు. నాటికిది సామాన్యమైన సాహసము కాదు. ఐనను, పాటల నడుమ, హాస్యము నడుమ, ఆ పిల్ల రాత్రివేళ ఒంటరిగా నెంత భయపడినదో కానరాదు. అదియే నాకు తీరని లోటుగా దోచినది.

ఆ భయమును దగ్గరగా జూపిన చిత్రము, ఎలైజా హిట్‌మన్ 2020లో వెలువరించిన 'నెవర్ రేర్లీ సమ్‌టైమ్స్ ఆల్వేస్'. పెన్సిల్వేనియాలో పదునెనిమిదేండ్లు నిండని పిల్ల గర్భస్రావమునకు తల్లియో తండ్రియో సమ్మతింపవలయును గనుక, ఇంట జెప్పుకొనలేని పదునేడేండ్ల ఆటమ్, తనతోపాటు సూపర్‌మార్కెట్టులో పనిచేయు బంధువుల పిల్ల స్కైలర్‌ను తోడుచేసుకొని, బస్సెక్కి న్యూయార్కునకు బోవును. ఊరిలో పది వారములన్న గర్భము అచట పదునెనిమిది వారములదని తేలును. ఒక్కనాట ముగియునను పని రెండునాళ్ళు పట్టును. బసకు చోటు లేక, బరువైన పెట్టెను మెట్లవెంట నీడ్చుకొనుచు, పిల్లలిద్దరు కునికిపాట్లతో రాత్రులు గడుపుదురు.

వైద్యశాలలో ఒక సలహాదారు మృదువుగా ప్రశ్నలడుగును: అతడు నిన్ను గొట్టెనా, బెదరించెనా, బలవంతపెట్టెనా? ఎన్నడును లేదు, అరుదుగా, ఒక్కొక్కప్పుడు, ఎల్లప్పుడు అను నాలుగింటిలో ఒకటి చెప్పవలయును. చిత్రము పేరు ఆ నాలుగు మాటలే. తొలుత తడబడక బదులిచ్చిన పిల్ల, ప్రశ్న వెంట ప్రశ్న వచ్చుకొలది గొంతు పెగలక, చూపు ప్రక్కకు దిప్పుకొని కన్నీరు పెట్టుకొనును. కెమెరా ఆ మొగమును విడిచి కదలదు. వాడెవడో చిత్రము కడవరకు చెప్పదు. కాని ఆమె బదులు చెప్పలేకపోయిన ప్రతి ప్రశ్నలోను వాడు మనకు గనబడుచునే యుండును.