జాతీయ కార్మిక సమాఖ్య: ప్రాతినిధ్యం నుంచి వేతన ప్రమాణం దాకా

కర్మాగారంలోని కార్మిక సంఘం యజమానితో నేరుగా బేరమాడుతుంది. అవసరమైతే సమ్మెకు దిగుతుంది. జాతీయ సమాఖ్యకు సాధారణంగా ఎదురుగా ఒక యజమాని ఉండడు. దాని వాదం ప్రధానంగా రాజ్యంతో. సభ్యత్వ సంఖ్యలను, రాజకీయ పక్షాల అనుబంధాన్ని మాత్రమే పరిశీలిస్తే ఈ అంశం మరుగున పడుతుంది.

అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఏఐటీయూసీ) పుట్టుకే ఇందుకు నిదర్శనం. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశాలకు కార్మిక ప్రతినిధిని అత్యధిక ప్రాతినిధ్యం గల సంఘాల సమ్మతితో ఎంపిక చేయాలి. భారతదేశంలో అటువంటి సంస్థ లేకపోవడంతో తొలి సమావేశానికి ఎన్.ఎం. జోషిని ప్రభుత్వమే నియమించింది. ఆ లోటును పూరించడానికే 1920 అక్టోబరు 31న బొంబాయిలో లాలా లజపతిరాయ్ అధ్యక్షతన ఏఐటీయూసీ ఆవిర్భవించింది. సమ్మెలు అప్పటికే ఉన్నాయి; లేనిది దేశం పేరుతో మాట్లాడే గొంతు.

మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల వివాదంలో బి.పి. వాడియా తదితరులపై హైకోర్టు నిషేధాజ్ఞ జారీ చేయడంతో సంఘ నాయకత్వమే చట్టవిరుద్ధమయ్యే ప్రమాదం ఏర్పడింది. 1921లో కేంద్ర శాసనసభలో జోషి ప్రతిపాదించిన తీర్మానం 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి దారితీసింది. ఒక మిల్లు కష్టం దేశవ్యాప్త చట్టంగా మారిన క్రమమిది.

అయితే సమాఖ్యల కృషిలో అత్యంత ఫలవంతమైనది, నా దృష్టిలో, 1957 నాటి 15వ భారత కార్మిక సమావేశం. ప్రభుత్వం, యజమానులు, కేంద్ర కార్మిక సంఘాలు కలిసి కనీస వేతనానికి కొలమానాన్ని అంగీకరించాయి: సంపాదించే వ్యక్తిపై ఆధారపడిన మూడు వినియోగ యూనిట్లు, రోజుకు 2700 కేలరీలు, నలుగురి కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకం ప్రకారం అద్దె, ఇంధనం తదితరాలకు 20 శాతం. ఏ ఒక్క కర్మాగార సంఘమూ ఇలాంటి ప్రమాణాన్ని సాధించలేదు. ప్రభుత్వం తన ఉద్యోగుల విషయంలో దీనికి కట్టుబడకపోవడం 1960 కేంద్ర ఉద్యోగుల సమ్మెకు ఒక కారణం. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు విద్య, వైద్యం మొదలైన వాటికి మరో 25 శాతం చేర్చింది. 2020 వేతన కోడ్ ముసాయిదా నియమాల్లో కనిపించే 66 మీటర్ల బట్ట ఆ 72 గజాలే.

ఈ పాత్రకు మూల్యమూ ఉంది. రెండుసార్లు ఏఐటీయూసీ అధ్యక్షుడైన వి.వి. గిరి, కేంద్ర కార్మిక మంత్రిగా, నిర్బంధ న్యాయనిర్ణయం సంఘాల బేరశక్తిని దెబ్బతీస్తుందని వాదించారు. ఆ వాదాన్ని స్వీయానుభవం నుంచి వచ్చినదిగా చూడడం సమంజసం. ప్రభుత్వం ముందు విన్నపం అలవాటైన సమాఖ్య, కర్మాగారంలో సభ్యుణ్ణి నిలబెట్టుకోవడంలో బలహీనపడవచ్చు. 1929 నాగపూర్ చీలిక మొదలు ఐఎన్‌టీయూసీ (1947), హెచ్‌ఎంఎస్ (1948), బీఎంఎస్ (1955), సీఐటీయూ (1970) వరకు సాగిన విభజన ఈ బలహీనతను పెంచింది.

2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ చర్చలు జరిపే ఏకైక సంఘానికి 51 శాతం మద్దతు ఉండాలంటుంది. ఆ లెక్క సంస్థ స్థాయిలోనే. జాతీయ స్థాయిలో సమాఖ్యలకు ప్రధాన వేదికైన భారత కార్మిక సమావేశం మాత్రం 2015లో 46వసారి జరిగిన తర్వాత, ఆ కోడ్ పార్లమెంటు ఆమోదం పొందే నాటికి మళ్లీ జరగలేదు.