28 బిళ్ళల ఆట

విశాఖపట్టణమున నౌకాశ్రయము 1933లో ప్రారంభమయ్యెను. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగెను. ఈ రెంటి మూలమునను పలుభాషల కుటుంబము లిచ్చటికి వచ్చి కాపురముండుచున్నవి. పొరుగింటి సోదరి మాట మనకు తెలియదు; మన మాట ఆమెకు తెలియదు. పరిచయము చిఱునవ్వుతోనే ఆగిపోవుచున్నది. అట్టియెడ చుక్కలు లెక్కింప నేర్చిన వారెల్లరు ఆడదగినది డామినో.

ఇట్టి బిళ్ళలు పూర్వము చీనాదేశమున నుండెను. 18వ శతాబ్దమున ఇటలీ, ఫ్రాన్సు దేశములందు ఈ ఆట వ్యాపించినది. బిళ్ళలు 28. ప్రతి బిళ్ళకును రెండు గళ్ళు. ఒక్కొక్క గడిలో సున్న మొదలు ఆరు వరకు చుక్కలుండును. రెండు గళ్ళును సమానమైనవి జంటబిళ్ళలు, అవి ఏడు. కొనలేనివారు దళసరి అట్టను కత్తిరించి ఇంటనే చేసికొనవచ్చును.

నలుగురు కూర్చుండి, ఎదురెదురువారు ఒక జట్టు కావలెను. బిళ్ళలను బోర్లించి కలిపి తలకేడు తీసికొనవలెను. ఆరు-ఆరు జంట గలవారు దానిని మొదట వేయుదురు. పిమ్మట కుడివైపువారు వరుస చివర నున్న చుక్కలకు సరిపోవు బిళ్ళను చేర్తురు. వరుసకు రెండు కొనలు. ఏ కొననైనను చేర్పవచ్చును. సరిపోవు బిళ్ళ లేనివారు వంతు వదలుకొందురు. ముందుగా ఎవరిచేయి ఖాళీయగునో వారి జట్టు గెలిచినట్లు. ఎదుటి జట్టుచేత మిగిలిన చుక్కలు గెలిచినవారి లెక్కలో చేరును. ఎవరికిని ఆట సాగనిచో, తక్కువ చుక్కలు మిగిలిన జట్టుదే గెలుపు. ముందు 100 కూడబెట్టినవారు విజేతలు. ఇద్దరే ఆడునపుడు మిగిలిన 14 బిళ్ళలను బోర్లించి యుంచి, వేయుటకు లేనివారు వానిలోనుండి తీసికొనవలెను.

పచ్చీసులో ప్రతి వంతునను గవ్వల దయ కావలెను. ఇందు అదృష్టము బిళ్ళలు పంచుకొనుటతో సరి. తరువాత జ్ఞాపకశక్తియే ఆధారము. ఏ సంఖ్యయైనను ఏడు బిళ్ళలపైననే యుండును. అయిదు గల బిళ్ళలు ఆరు పడియుండి, ఏడవది మీ చేత నున్నచో, అయిదుగా నున్న కొనను మీరు తప్ప అన్యులు సాగింపలేరు. ఎదుటివారు మూడు, అయిదు కొనలయొద్ద వంతు వదలినచో, వారిచేత ఆ రెండు సంఖ్యలును లేవని గ్రహించి, మరల ఆ కొనలనే నిలుపవలెను. మీ జోడు వదలినచో కొన మార్పవలెను. జోడు భాష రాకున్నను ఆమె మనస్సు బిళ్ళలవలననే తెలియును.

పందెము మాత్రము వలదు. ఓడిన జట్టువారు కాఫీ కాచుట చాలును.