ఆర్నెల్ల ఇంజెక్షనూ అమెరికా ప్రయాణమూ

శంషాబాద్‌లో కాపురం కాబట్టి అమెరికా వెళ్లే మా చుట్టాలకి ముందురోజు రాత్రి మజిలీ మా ఇల్లే. పచ్చళ్లూ పొడులూ సర్ది, పెట్టెలు తూచాక మందుల సంచీ బయటికొస్తుంది. కూతురి పురుడుకో, మనవణ్ణి చూసుకోవడానికో వెళ్లే అరవై దాటిన ఆడవాళ్ల సంచీలో బీపీ, షుగరు మాత్రల పక్కన ఇప్పుడు ఎముకల మందు కూడా ఉంటోంది. "అన్నయ్యగారూ, ఇది వాడితే దవడ ఎముక కుళ్లిపోతుందట, తొడ ఎముక దానంతటదే విరుగుతుందట. వేసుకోమంటారా, మానెయ్యమంటారా?" అని అడుగుతారు.

ఆ భయం ఉత్తిదని కొట్టిపారేయలేం. ఆ రెండు కష్టాలూ నిజంగానే వస్తాయి. అయితే ఎందరిలో ఎందరికి వస్తాయి, ఆ మందు వాడినందువల్ల ఎందరు విరుపుల నుంచి తప్పించుకుంటారు అన్నవి రెండూ ఒకే లెక్కలో పెట్టి చూడాలి.

ముందు ఎముక సంగతి. పాత ఇంటికి మేస్త్రీలు మరమ్మతు చేసినట్టు మన ఒంట్లో ఒక జట్టు కణాలు పాత ఎముకను తొలిచేస్తుంటాయి, ఇంకో జట్టు వెనకే వచ్చి కొత్తది పూస్తుంది. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. అప్పటినుంచి తొలిచే జట్టుది పైచేయి. అలెండ్రొనేట్ మాత్ర, జోలెడ్రొనిక్ ఆసిడ్ సెలైన్ లాంటి మందులు ఎముకకే అంటుకుని తొలిచే జట్టును నెమ్మదింపజేస్తాయి. ఎముక గుల్లబారడం దానంతటది నొప్పి పెట్టదు. మోకాళ్ల నొప్పి తగ్గుతుందని ఈ మాత్ర వేసుకునేవాళ్లున్నారు. ఇది దానికి మందు కాదు.

మన ఆడవాళ్లకి ఎముకలో నిల్వే తక్కువ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం పేద కుటుంబాల్లోని 30 నుంచి 60 ఏళ్ల స్త్రీల ఎముకలు పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించింది. నూటికి 29 మందిలో తుంటి దగ్గర ఎముక గుల్లబారి ఉంది. చాలీచాలని తిండే కారణమని వాళ్లు భావించారు. అందుకే మందు రాసే ముందు కాల్షియం, విటమిన్ డి సరిచూడాలి. ఎండ దండిగా కాసే తిరుపతి చుట్టుపక్కల కూడా విటమిన్ డి లోపం చాలామందిలో ఉందని అక్కడి వైద్యులు చూపించారు. ఆ లోటు తీర్చకుండా సెలైన్ ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోవచ్చు.

ఇప్పుడు తూకం. 2007లో వెలువడ్డ ఒక పెద్ద పరిశోధనలో జోలెడ్రొనిక్ ఆసిడ్ ఏడాదికోసారి చొప్పున మూడేళ్లు ఇచ్చారు. మందు లేనివాళ్లలో నూటికి దాదాపు 11 మందికి వెన్నుపూసలు విరిగితే, మందు తీసుకున్నవాళ్లలో ముగ్గురికే విరిగాయి. ఇక భయం వైపు. కాలిఫోర్నియా ఆడవాళ్ల వివరాలు 2020లో లెక్కగట్టారు. ఈ తరహా మందును పదివేలమంది తెల్లజాతి స్త్రీలు మూడేళ్లు వాడితే 149 తుంటి విరుపులు తప్పుతాయి, మందువల్ల వచ్చే తొడ విరుపులు 2. ఆసియా మూలాలవాళ్లలో తప్పేవి 91, వచ్చేవి 8. మన వైపు తూకం కాస్త తగ్గిన మాట నిజమే, అయినా మొగ్గు మందు వైపే. దవడ జబ్బు ప్రధానంగా కాన్సర్ కోసం ఇవే మందులు పెద్ద మోతాదుల్లో తీసుకునేవాళ్లలో వస్తుంది. ఎముకల కోసం వాడేవాళ్లలో ఏడాదికి పదివేలమందిలో ఒకరికో, అంతకన్నా తక్కువో. పన్ను పీకించుకోవాల్సి ఉంటే మందు మొదలుపెట్టక ముందే పీకించుకోండి. వాడుతుండగా తొడలోనో గజ్జల్లోనో మొండి నొప్పి మొదలైతే మాత్రం వారాలు ఆగకండి, ఎక్స్‌రే తీయించండి. సాధారణంగా అయిదేళ్ల మాత్రలు, లేదా మూడు సెలైన్ల తర్వాత డాక్టరు కొంతకాలం విరామం ఇచ్చే ఆలోచన చేస్తారు. మందు ఎముకలో నిలిచి ఉంటుంది కాబట్టి ఆ విరామం కుదురుతుంది.

ఎముక చిక్కబడితే చాలదా అంటారా? పక్కనున్న నల్గొండ జిల్లాను చూడండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన ఆ మనుషుల ఎముకల్ని ఎక్స్‌రే తీస్తే మామూలుకన్నా చిక్కగా కనిపిస్తాయి. మన దేశంలో ఈ జబ్బును 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసి, వైద్యులు వివరంగా రాశారు. అదే ఫ్లోరైడ్‌ను ఒకప్పుడు ఎముకల మందుగా కూడా వాడారు. అమెరికాలో 202 మంది స్త్రీలను చెరిసగం చేసి, సగానికి నాలుగేళ్లు ఇచ్చి చూశారు. 1990లో ఫలితం వచ్చింది. నడుము ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసల విరుపులు మాత్రం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. వెన్ను కాని చోట్ల మందు వాడినవాళ్లలో 72 విరుపులు, వాడనివాళ్లలో 24! స్కాన్ రిపోర్టులో అంకె పెరిగిందని మురిసిపోయే ముందు ఈ కథ గుర్తుండాలి. అడగాల్సింది విరుపులు ఎన్ని తగ్గాయని.

నా ఉద్దేశం చెబుతాను. ఒకసారి జారిపడి మణికట్టో వెన్నుపూసో విరిగినవాళ్లు, స్కాన్‌లో ఎముక సాంద్రతను చెప్పే టీ స్కోరు మైనస్ 2.5 కన్నా దిగిపోయినవాళ్లు భయపడి మందు మానడం పొరపాటు. యాభై రెండేళ్ల మనిషికి స్కోరు కాస్త తగ్గిందని హడావిడిగా మొదలెట్టాల్సిన పని సాధారణంగా ఉండదు.

మాత్ర వేసుకునే పద్ధతి మన ఇళ్లలో తరచూ తప్పుతుంది. వారానికొకటి, పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో. ఆ తర్వాత అరగంట కూర్చోవచ్చు, నడవొచ్చు, పడుకోకూడదు. టీ, పాలు, కాల్షియం మాత్ర ఆ తర్వాతే. సరిగా వేసుకున్నా మందు నూటికి ఒక వంతు కూడా ఒంటికి పట్టదు, టీతో వేసుకుంటే అదీ దక్కదు. పడుకుంటే మాత్ర అన్నవాహికలో నిలిచి పుండు చేయొచ్చు. సెలైన్‌కైతే మొదటిసారి ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు చాలామందికి వస్తాయి, తగ్గిపోతాయి. మూత్రపిండాలు బాగా బలహీనమైనవాళ్లకు అది పనికిరాదు.

ప్రయాణికులు అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది డెనోసుమాబ్ ఇంజెక్షన్ విషయంలో. ఆర్నెల్లకొకటి చర్మం కింద ఇస్తారు. బాగా పనిచేస్తుంది, కానీ ఎముకలో నిలవదు. గడువు దాటాక తొలిచే జట్టు రెట్టింపు ఆకలితో లేస్తుంది. మానేసిన కొందరిలో వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి విరిగాయి. విజిటర్ వీసా మీద అమెరికాలో ఉండనిచ్చేది సాధారణంగా ఆర్నెల్లే. బయల్దేరే వారంలో ఇంజెక్షన్ చేయించుకుంటే తిరిగి రాగానే రెండోది అందుతుంది. మూడు నెలల ముందు చేయించుకున్నవాళ్లకి గడువు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ముంచుకొస్తుంది. అక్కడ దాని ఖరీదు ఎక్కువ, విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బుల మందుల ఖర్చు సాధారణంగా భరించవు. వెంట తీసుకెళ్లాలంటే డాక్టరు చీటీతో చేతిసంచీలో, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో, గడ్డకట్టకుండా పెట్టుకోవాలి. అదంతా కుదరదనుకుంటే, ఏడాదికోసారి సెలైన్‌కి మారొచ్చేమో బయల్దేరేముందే డాక్టరుతో మాట్లాడండి. ఇంజెక్షన్ మానడమంటే దాని స్థానంలో ఇంకో మందు మొదలుపెట్టడమే, ఊరికే ఆపడం కాదు.

ఇంకో మాట, అక్కడుండే పిల్లలకి. పాపాయి ఇంకాస్త పెద్దదయ్యేదాకా ఉండమని, అక్కడ ఉండే గడువు పొడిగించి అమ్మ టికెట్టు వెనక్కి జరిపే ముందు, ఆవిడ ఇంజెక్షన్ తేదీ ఏదో అడగండి.