ఒక్క పౌండుకు చేతులు మారిన ఊరి జట్టు

2019 ఆగస్టు 27. మాంచెస్టర్‌కు ఉత్తరాన ఉన్న బరీ పట్టణంలో జనం చీపుర్లు, బకెట్లు పట్టుకుని గిగ్ లేన్ స్టేడియానికి వచ్చారు. శనివారం మ్యాచ్ జరుగుతుందన్న ఆశతో కుర్చీలు కడిగారు, మెట్లు ఊడ్చారు. అంతకు కొద్ది రోజుల ముందే ఒక మాజీ డైరెక్టర్ అక్కడి గొట్టానికి సంకెళ్లతో తనను తాను కట్టేసుకుని నిరసన తెలిపారు. ఫలితం లేకపోయింది. ఆ రాత్రే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ బరీ క్లబ్బును బహిష్కరించింది. 1894 నుంచి ఆ లీగ్‌లో ఉన్న చోటు పోయింది.

బరీ పత్తి మిల్లుల ఊరు. 1885లో పుట్టిన ఆ క్లబ్బు 1900లో, 1903లో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్.ఏ. కప్ గెలిచింది. 1903 ఫైనల్లో డెర్బీ కౌంటీని 6-0తో ఓడించి నెలకొల్పిన రికార్డును మరో జట్టు అందుకోవడానికి 116 ఏళ్లు పట్టింది. అందుకున్నది పక్కనే ఉన్న మాంచెస్టర్ సిటీ, 2019 మేలో. మూడు నెలలు తిరిగేసరికి బరీకి లీగే లేకుండా పోయింది.

బరీ మైదానంలో ఓడిపోలేదు. ఆ వసంతంలోనే నాలుగో అంచె నుంచి మూడో అంచెకు ఎదిగింది. జీతాలు అందకపోయినా ఆటగాళ్లు ఆడి గెలిపించారు. దెబ్బ తీసింది అప్పులే. రాబడికి మించిన జీతాలకు ఒప్పుకున్నారు, స్టేడియాన్ని తాకట్టు పెట్టారు. 2018 డిసెంబరులో స్టీవ్ డేల్ అనే వ్యాపారి ఆ క్లబ్బును ఒక్క పౌండుకు కొన్నారు. నడపడానికి డబ్బుందని లీగ్‌ను ఒప్పించలేకపోయారు. ఊరంతా తమదనుకున్నదాన్ని ఇద్దరు మనుషులు కాగితాల మీద చేతులు మార్చుకుంటుంటే, ఆపే హక్కు ఆ ఊరికి లేదు.

యజమానులను తప్పుపట్టి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. డబ్బు పై క్లబ్బులకే చేరేలా మారిన నిబంధనలది మిగతా సగం. 1961 వరకు ఇంగ్లండ్‌లో ఏ ఆటగాడికీ వారానికి 20 పౌండ్లకు మించి జీతం ఇచ్చేవారు కాదు. ఆటగాళ్లకు అది అన్యాయమే, పోవాల్సిందే. 1983 వరకు లీగ్ మ్యాచ్ టికెట్ల రాబడిలో అతిథి జట్టుకూ వాటా ఉండేది. అదీ తీసేశారు. 1992లో అగ్రశ్రేణి క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నాయి. ఇప్పుడు బ్రిటన్‌లో టీవీ హక్కుల మీదే ఆ లీగ్‌కు నాలుగేళ్లకు 670 కోట్ల పౌండ్లు వస్తాయి. కాలువ ఎగువన తూములన్నీ తెరిచి పెట్టుకుంటే చివరి ఆయకట్టు ఎండక ఏమవుతుంది?

పై లీగ్ నుంచి కిందికి జారిన క్లబ్బులకు మూడేళ్ల దాకా ‘పారాచూట్’ చెల్లింపులు అందుతాయి. వాటితో పోటీ పడాలంటే మిగిలినవి అప్పు చేయాలి. అందుకే రెండో అంచె క్లబ్బులకు జీతాల ఖర్చే మొత్తం ఆదాయాన్ని మించిపోయిన సంవత్సరాలున్నాయి. చిన్నవాళ్లకు మిగిలిన దారులూ మూసుకుపోతున్నాయి. 2005లో ఎఫ్.ఏ. కప్‌లో చిన్న క్లబ్బు ఎక్సెటర్ సిటీ మాంచెస్టర్ యునైటెడ్‌ను దాని సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 0-0తో నిలువరించింది. ఆ మ్యాచ్, డ్రా కావడంతో మళ్లీ ఆడిన రీప్లే తెచ్చిన డబ్బుతో అప్పుల్లోంచి గట్టెక్కింది. 2024లో ఎఫ్.ఏ. కప్ ప్రధాన రౌండ్లన్నిటిలో రీప్లేలు రద్దు చేశారు. పెద్ద జట్లకు తీరిక లేదట!

బరీ అభిమానులు మాత్రం చేతులు కట్టుకుని కూర్చోలేదు. కొందరు కొత్త జట్టు పెట్టి పక్క ఊరు రాడ్‌క్లిఫ్ మైదానంలో ఆడించారు. మరికొందరు గిగ్ లేన్‌ను దక్కించుకునే పనిలో పడ్డారు. 2022లో ప్రభుత్వ నిధి నుంచి వచ్చిన 10 లక్షల పౌండ్లు, దాతల సాయంతో స్టేడియం వాళ్ల చేతికొచ్చింది. రెండు వర్గాలూ కలవాలన్న ప్రతిపాదన మొదటి ఓటింగ్‌లో వీగిపోయి, 2023లో నెగ్గింది. బరీ సొంతగడ్డకు తిరిగొచ్చింది, కానీ తొమ్మిదో అంచెలో. 2025లో ఎనిమిదో అంచెకు ఎక్కింది.

2025 జులైలో బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టంతో ఫుట్‌బాల్‌కు స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. క్లబ్బులకు లైసెన్సు, యజమానుల ఆర్థిక స్థోమతపై పరీక్ష, స్టేడియాల అమ్మకంపై అదుపు దాని చేతిలో ఉంటాయి. ఇది 2019కి ముందే ఉండాల్సింది. అయితే, డబ్బు పంపకంపై పై లీగ్‌కూ కింది లీగ్‌కూ ఒప్పందం కుదరకుండానే చట్టం వచ్చింది. అవసరమైతే పంపకంలో జోక్యం చేసుకునే అధికారం ఆ సంస్థకు ఉంది. దాన్ని వాడాలి.

చిన్న క్లబ్బులు అడుగుతున్నది దానం కాదు. మాంచెస్టర్ సిటీ స్టేడియంలో ఒక స్టాండుకు కాలిన్ బెల్ పేరుంది. సిటీ చరిత్రలోనే గొప్ప ఆటగాళ్లలో ఒకడైన బెల్ 1966లో అక్కడికి వెళ్లింది బరీ నుంచే. పెద్ద జట్లకు ఆటగాళ్లను ఇచ్చిన ఊళ్లకు ఆ సంపదలో వాటా ఉంది. అది పెద్దల దయ మీద కాక చట్టం మీద ఆధారపడి అందాలి.