వార్తల్లో పదం: రిపీటర్

ఊరి చివరి ఇంట్లో ఫోన్ మాట్లాడాలంటే మేడెక్కాల్సి వస్తే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ‘సిగ్నల్ బూస్టర్’. దీని అసలు పేరు రిపీటర్. టవర్ నుంచి అందే బలహీనమైన సిగ్నల్‌ను బయటి యాంటెన్నాతో పట్టి, పెంచి, ఇంట్లోకి వదులుతుంది. ఫోన్ పంపేదాన్నీ అలాగే పెంచి టవర్‌కు చేరవేస్తుంది. చిక్కు ఇక్కడే. నాసిరకం పరికరం సిగ్నల్‌తో పాటు రొదను కూడా పెంచి టవర్ మీద కుమ్మరిస్తుంది. ఒక ఇంట్లో మాట బాగా వినిపిస్తే, చుట్టుపక్కల ఇళ్లలో కాల్స్ తెగిపోతాయి. అందుకే మన దేశంలో అనుమతి లేకుండా రిపీటర్ బిగించుకోవడం చట్టవిరుద్ధం. అలాగని పల్లెవాసిని తప్పుపట్టలేం. టవర్ దగ్గర్లో లేకపోవడం అతని నేరం కాదు.

అయితే చేయదగినదీ ఉంది. చాలా ఫోన్ల సెట్టింగుల్లో సిగ్నల్ బలం డీబీఎంలలో కనిపిస్తుంది. 4జీలో మైనస్ 85 అంటే బాగున్నట్టు, మైనస్ 115 అంటే దాదాపు లేనట్టు. పది డీబీ పెరిగితే శక్తి పది రెట్లయినట్టే. రేకుల కప్పు, మందపాటి గోడలు చాలా సిగ్నల్‌ను మింగేస్తాయి. కాబట్టి ఇంట్లో వైఫై కోసం సిమ్ వేసే రౌటర్ వాడుతుంటే, దాన్ని టవర్ వైపు కిటికీలో ఎత్తున పెట్టి చూడాలి. దానికి బయటి యాంటెన్నా తగిలించే వీలుంటే, డాబా మీద పెట్టి టవర్ దిక్కుకు గురిపెట్టాలి. కేబుల్ మాత్రం పొట్టిగా ఉండాలి. పొడవయ్యేకొద్దీ అందిన సిగ్నల్ తీగలోనే కరిగిపోతుంది. ఇంటికి ఫైబర్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేస్తే చాలు, మేడెక్కే పని ఉండదు.