డెంగీకి మందు: చేతిదాకా వచ్చి ఆగిన మాస్నోడెన్‌విర్

మాస్నోడెన్‌విర్ డెంగీ వైరస్ మీద నేరుగా పనిచేసేలా తయారైన, ప్రయోగదశలోనే ఆగిపోయిన మందు. నోటితో వేసుకునే ఈ మందును బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం, జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన యాన్సెన్ కలిసి రూపొందించాయి. డెంగీ వైరస్‌ను చంపే ఆమోదిత మందు నేటికీ లేదు. ఆసుపత్రుల్లో జ్వరానికి పారాసెటమాల్, ఒంట్లో నీరు తగ్గకుండా సెలైన్ ఇస్తూ రోగిని కనిపెట్టుకుని ఉండటమే చికిత్స. 2024లో ప్రపంచవ్యాప్తంగా కోటీ 40 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం సోకి తగ్గినవారికి తర్వాత మరో రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. అందుకే మందు నాలుగింటి మీదా పనిచేయాలి. సమయం మరో చిక్కు. జ్వరం మొదలైన తొలిరోజుల్లో రక్తంలో వైరస్ దండిగా ఉంటుంది. జ్వరం దిగేసరికి అది చాలావరకు తగ్గిపోతుంది. కానీ రక్తనాళాల నుంచి ద్రవం కారడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం వంటి అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. వియత్నాంలో బాలాపిరావిర్‌నూ, సింగపూర్‌లో సెల్గోసివిర్‌నూ రోగులకు ఇచ్చి చూశారు. రెండూ ఫలితమివ్వలేదు.

మాస్నోడెన్‌విర్ పనితీరు వేరు. కణంలోకి చేరిన వైరస్ తన నకళ్లు తీసుకోవాలంటే ఎన్ఎస్3, ఎన్ఎస్4బి అనే రెండు ప్రొటీన్లు జతకట్టాలి. మందు ఎన్ఎస్4బిని పట్టుకుని ఆ జతను కుదరనివ్వదు. నాలుగు రకాల మీదా ఇది ప్రయోగశాలలో పనిచేసింది. ఎలుకలు, కోతుల మీద వచ్చిన ఫలితాలు 2023లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. దీనికి దగ్గరి అణువైన జేఎన్‌జే-ఏ07 మీద జరిగిన పరిశోధనలో, వైరస్ కణంలో నకళ్లు తీసుకునే కొత్త స్థావరాలు కట్టుకోకుండా ఆ అణువు ఆపుతుందనీ, అప్పటికే కట్టుకున్నవాటిని కూల్చలేదనీ తేలింది. అంటే వైరస్ పాతుకుపోకముందే మందు ఒంట్లో ఉండటం మేలు.

అమెరికాలో మనుషుల మీద జరిగిన పరీక్ష ఈ దారిలోనే సాగింది. ఆరోగ్యవంతులైన కొందరు స్వచ్ఛందంగా ముందుకొచ్చి 5 రోజులు ముందుగా మందు మొదలుపెట్టారు. తర్వాత వారికి బలహీనపరిచిన డెంగీ-3 వైరస్‌ను ఎక్కించి, మరో 21 రోజులు మందు కొనసాగించారు. ఎక్కువ మోతాదు తీసుకున్న 10 మందిలో ఆరుగురి రక్తంలో వైరస్ జాడే కనిపించలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారందరిలోనూ కనిపించింది. పరీక్షించింది కొద్దిమందినే అయినా, మాత్రతో డెంగీని అడ్డుకోవచ్చని మనుషుల్లో తొలిసారి రుజువైంది.

ఇంట్లో ఒకరికి డెంగీ వస్తే మిగతావారికి సోకకుండా ఈ మందు కాపాడుతుందా అని తేల్చే రెండో దశ పరీక్షలు డెంగీ పీడిత దేశాల్లో మొదలయ్యాయి. 2024 అక్టోబరులో కంపెనీ వాటిని ఆపేసింది. అంటువ్యాధుల పరిశోధనలో తన ప్రాధాన్యాలు మారాయని కారణం చెప్పింది. భద్రతా సమస్యలేమీ లేవని కూడా ప్రకటించింది. ఇంత ఆశ చూపిన మందు వ్యాపార నిర్ణయంతో నిలిచిపోవడం విచారకరం. డెంగీ దెబ్బ తింటున్న దేశాల ప్రభుత్వాలు, పరిశోధనా సంస్థలు చేయి కలిపి ఇలాంటి మందులను ముందుకు నడిపించాలి.

అలాంటి మందు వచ్చేలోగా జాగ్రత్తే రక్ష. ఏటా వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లోనూ డెంగీ విజృంభిస్తోంది. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోకూడదు. అవి రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కూలర్లు, తొట్లు, పూలకుండీల కింది పళ్లేల్లోని నీటిని వారానికోసారైనా పారబోయాలి.